కూర్చుని చేసే కరాటే

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వికలాంగులకు కరాటే నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, సిలబస్ ఏమైనా ఉందా అని అడుగుతారు. కాఫీ తాగి వెళ్ళేలోపు చెప్పగలిగింది కాదు గనక రాసి పెడుతున్నాను. ఎన్ని కప్పులు గెలిచాం, ఏ పేపర్లో ఫొటో పడింది అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. నేను చేసిన కొన్ని తప్పుల గురించీ, ఆ తప్పులు భరించి కూడా నన్ను వదిలిపెట్టని కొందరు మనుషుల గురించీ రాస్తాను. ముందు నాగమణి గురించి.

రెండో అంతస్తు

తొంభైల మధ్యలో మాట. బెంజ్ సర్కిల్ నుంచి కాస్త లోపలికి వెళితే ఒక బట్టల కొట్టు, దాని మీద గోడౌను, ఆ పైన మా హాలు. లిఫ్టు లేదు. పొద్దున ఇంటర్మీడియట్ కుర్రాళ్ళ బ్యాచ్, సాయంత్రం స్కూలు పిల్లల బ్యాచ్. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. బ్లాక్ బెల్టు వచ్చి పదేళ్ళయింది. ఈ విద్యలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసు.

ఒక ఆదివారం క్లాసు అయిపోయాక తాళం వేయబోతుంటే మెట్ల మీద ఏదో టకటకమని చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. ఒకావిడ మెట్ల మీద కూర్చుని, అరచేతులు ఆనించి ఒళ్ళు లేపుకుంటూ ఒక్కొక్క మెట్టే వెనక్కి ఎక్కుతోంది. ఎడమ కాలికి ఇనప పట్టీలున్న క్యాలిపర్. ఒక మెట్టు ఎక్కగానే చంకకర్ర ఎత్తి ఆ పై మెట్టు మీద పెట్టుకుంటోంది. నాకు వినిపించింది ఆ కర్ర చప్పుడే. నేను పైనే నిలబడి చూస్తూ ఉండిపోయాను. నేనే కిందికి దిగి ఏం కావాలని అడగొచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

ఆమె పైకొచ్చి, చెమట తుడుచుకుని, ఊపిరి అందాక నమస్కారం పెట్టింది.

"మాస్టారు మీరేనాండీ? నా పేరు నాగమణండీ. మాది పామర్రు. కంకిపాడు సెంటర్లో ఎస్టీడీ బూత్ నడుపుతున్నానండీ, వికలాంగుల కోటాలో ఇచ్చారు. నాకు కరాటే నేర్పుతారాండీ?"

సెల్‌ఫోన్లు లేని రోజులవి. దూరపు ఊళ్ళకు ఫోన్ చేయాలంటే అందరూ ఆ బూత్‌ల దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

నేను ఆమె కాలి వంక చూశాను. "కరాటే అంటే నిలబడటంతోనే మొదలవుతుందమ్మా. మీకు కష్టం. యోగా లాంటిదేమైనా చూసుకోండి," అన్నాను.

"నిలబడి చేసేది నాకొద్దండీ. కూర్చుని చేసేది నేర్పండి. రోజంతా నేను ఉండేది కుర్చీలోనే కదండీ."

"కూర్చుని చేసేది లేదమ్మా."

ఆమె, ఎవరికో ఫోన్ నంబరు చదివి వినిపిస్తున్నట్టు తొణక్కుండా చెప్పింది.

"మధ్యాహ్నం రెండూ మూడూ మధ్యన ఎండకి సెంటర్లో మనిషి కనపడడండీ. అప్పుడొస్తాడు ఒకడు. వాడికి ఫోన్ చేసే పనేం ఉండదు. ఊరికే ఏదో నంబరు నొక్కి పెట్టేస్తాడు, బిల్లు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుంటాడు. విదిలించుకుని లేద్దామంటే నా కర్ర తీసుకెళ్ళి గుమ్మం అవతల పెడతాడు. నేను పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకునేదాకా అక్కడే నుంచుని చూస్తాడండీ. నవ్వుతూ."

"పోలీసులకు చెప్పలేదా?"

"ఎవరికి చెప్పినా మా నాన్నకి తెలుస్తుందండీ. తెలిస్తే బూత్ మూసేసి ఇంటికొచ్చెయ్యమంటాడు. నాకది ఇష్టం లేదండీ."

నవ్వలేదన్న మాటే గానీ, కాసేపటి క్రితం నేను చేసిందీ నిలబడి చూడటమే కదా. ఆ సంగతి నాకు తగిలింది. వచ్చే ఆదివారం నుంచి రమ్మన్నాను. వెళ్ళేటప్పుడు ఆమెతో పాటు నేనూ మెట్లు దిగాను. ఎంతసేపు పడుతుందో అప్పుడు తెలిసింది.

జాలితో పోయిన నెల

మొదటి నెల నేను నేర్పిందేమీ లేదు. హాల్లో ఒక మూల స్టూలు వేసి కూర్చోబెట్టి, గాల్లోకి యాభై గుద్దులు గుద్దమనేవాణ్ణి. అవి గుద్దగానే "చాలా బాగా చేశారమ్మా" అనేవాణ్ణి. కుర్రాళ్ళ చేత చప్పట్లు కొట్టించేవాణ్ణి. కంకిపాడు నుంచి బస్సెక్కి, ఆ మెట్లన్నీ ఎక్కి, ఆమె ఆ చప్పట్ల కోసం వస్తోందని నేను అనుకున్నాను.

నాలుగో ఆదివారం అడిగింది.

"మాస్టారూ, ఈ గాల్లో గుద్దులు ఎవరికి తగుల్తాయండీ?"

నేను గుద్దుల లెక్క ఆపేశాను.

"ఒకసారి నా చెయ్యి పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను. పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు, నొప్పి కలగకుండా.

"వాడు ఇలా పట్టుకోడండీ."

అప్పుడు గట్టిగా పట్టుకున్నాను. ఆమె ముఖంలో రంగు మారింది. భయపడిందని అర్థమై వదిలేయబోయాను. వదలొద్దని తల అడ్డంగా ఊపి, చెయ్యి లాగింది. విడిపించుకోలేకపోయింది గానీ, నేను మాత్రం ఒక అడుగు ముందుకు తూలాను. నా బ్లాక్ బెల్టు శిష్యుల్లో అంత బలంగా లాగగలిగినవాళ్ళు లేరు. చిన్నప్పటినుంచీ ఒంటి బరువంతా చేతుల మీద మోస్తున్న మనిషి. ఆ భుజాలనూ, ముంజేతులనూ నెల రోజులుగా నా కళ్ళెదుటే పెట్టుకుని కూడా నేను చూసింది ఆమె కాలినే.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక నేనూ ఒక స్టూలు మీద కూర్చుని గుద్ది చూశాను. బలం రాలేదు. మేం నేర్చుకున్న విద్యలో బలమంతా పాదాల దగ్గర పుట్టి నడుములోంచి చేతికి వస్తుంది. పాదాలు తీసేస్తే నాకే ఏమీ రాదని తేలిపోయింది.

మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. మా నాన్న వేటకెళ్ళే మనిషి. ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన్ను అడిగాను, పడవలో కూర్చుని తెడ్డు వేసేటప్పుడు బలం ఎక్కణ్ణుంచి వస్తుందని. ఆయన నన్ను వింతగా చూశాడు.

"కాళ్ళతో ఏం పనిరా? లాగేది వీపు. ఊపిరి వదుల్తా లాగాల. చేత్తో లాగితే గంటకే చేతులు పడిపోతయ్."

ఇంత పెద్ద విద్య నేర్చుకుని ఏం లాభమనిపించింది. నా పదేళ్ళ అనుభవంలో లేని పాఠం ఆయన అరుగు మీద వల బాగు చేసుకుంటూ చెప్పేశాడు. మర్నాటి నుంచి నేను స్టూలు మీద కూర్చుని సాధన మొదలుపెట్టాను.

చెయ్యి విరిగిన రోజు

తర్వాతి రెండు నెలలూ మా ఇద్దరికీ హుషారుగా గడిచాయి. చెయ్యి పట్టుకున్నవాడి బొటనవేలు వైపుకు తిప్పి విడిపించుకోవడం, వీపుతో లాగి వాణ్ణి మీదికి తూలేలా చేయడం ఆమెకు పట్టుబడ్డాయి. ఆ హుషారులో తొందరపడ్డాను. ఒక ఆదివారం ఆమెను నిలబెట్టి, చంకకర్ర మొనతో ఎదుటివాణ్ణి నెట్టడం మొదలుపెట్టించాను. హాలు అప్పుడే తుడిచారు. ఇంకా తడి ఆరలేదు. కర్ర జారింది. ఆమె కుడిచెయ్యి చాచి పడింది. మణికట్టు విరిగింది.

ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. మా దగ్గర చేరిన ప్రతి పిల్లవాడికీ మొదటి వారం నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, ఒళ్ళు గుండ్రంగా చేసి, చెయ్యి చాచకుండా పడటం. నాగమణికి మాత్రం నేను అది నేర్పలేదు. ఆమె కింద పడుతుంటే చూడటం నాకు కష్టంగా ఉండేది. అందుకని దాటేశాను. నా మనసు కష్టపడకూడదని చూసుకుంటే ఆమె చెయ్యి విరిగింది. ఆమె కర్ర పట్టుకునేది ఆ చేత్తోనే. చెయ్యి పోతే కాలు కూడా పోయినట్టే.

పామర్రు నుంచి ఆమె తండ్రి కోటేశ్వరరావు గారు వచ్చారు. రైతు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆసుపత్రి వరండాలో నా ఎదురుగా నిలబడి అన్నారు:

"ఏడో తరగతి దాకా దీన్ని భుజాన ఎక్కించుకెళ్ళి బళ్ళో దింపానండీ. ఒక్కసారి కింద పడనివ్వలా. ఒక కాలు జ్వరం తీసుకుపోయింది. చెయ్యి మీరు తీశారు."

నేను తల వంచుకున్నాను. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. లోపల మంచం మీద ఉన్న నాగమణికి ఇదంతా వినపడుతూనే ఉంది.

"నాన్నా, నువ్వు పడనివ్వలేదు, మాస్టారూ పడనివ్వలేదు. అందుకే ఇప్పుడు ఇలా పడ్డాను," అంది.

ఆరు వారాలు కట్టు. అన్నాళ్ళు మూసేస్తే బూత్ ఎక్కడ వేరేవాళ్ళకు పోతుందోనని ఆమెకు బెంగ. పొద్దున పూట వాళ్ళమ్మ వచ్చి కూర్చుంటానంది గానీ, అవి నాట్ల రోజులు. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళకపోతే కుదరదు. నాకు పొద్దుటి బ్యాచ్‌కీ సాయంత్రం బ్యాచ్‌కీ మధ్య ఖాళీ. ఆ పూట నేను కూర్చుంటానన్నాను. కోటేశ్వరరావు గారు ఔననలేదు, కాదనలేదు. బూత్ తాళంచెవి మాత్రం నా చేతిలో పెట్టారు.

ఆ కుర్చీలో

నా వృత్తిలో నేను చదివిన అసలు చదువు ఆ ఆరు వారాలే.

బూత్ అంటే ఒక చిన్న గది. ఒక పక్క అద్దాల క్యాబిన్, దాంట్లో ఫోను. ఈ పక్క చెక్క బల్ల, బిల్లు మిషను, కుర్చీ. నాగమణి లేవలేని చోట నేనూ లేవకూడదని పట్టుదలగా కూర్చున్నాను. కూర్చున్న మొదటి రోజే తెలిసింది, వచ్చిన ప్రతివాడూ మన నెత్తి మీద నిలబడి ఉంటాడని. బల్ల మీదికి వంగి మాట్లాడతాడు. మనం వెనక్కి జరగాలంటే వెనక గోడ. నేను హాల్లో నేర్పినదాంట్లో సగం అక్కడ పనికిరాదు. మోచెయ్యి వెనక్కి తీయడానికి జాగా లేదు.

ఇంకొకటి గమనించాను. బల్ల లోపలివైపు చంకకర్ర పెట్టుకోవడానికి చోటు లేదు. అందుకని ఆమె దాన్ని బల్లకు బయటివైపు ఆనించి పెట్టేది. వాడు దాన్ని అంత సులువుగా తీసుకుపోతున్నది అందుకే. మర్నాడు రెండు పెద్ద మేకులు, ఒక సుత్తి పట్టుకెళ్ళాను. కుర్చీ పక్కనే గోడకు మేకులు కొట్టి, కర్ర వాటి మీద ఆనేలా చేశాను. ఆమె కష్టంలో సగం తీర్చింది నా కరాటే కాదు, ఆ రెండు మేకులు. ముందే ఒక్కసారి వెళ్ళి ఆమె కూర్చునే చోటు చూసి ఉంటే మొదటి రోజే ఆ పని అయిపోయేది.

రెండో వారంలో వాడు వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. లోపలికి తొంగి చూసి నన్ను చూడగానే ఆగిపోయాడు.

"అమ్మాయి లేదాండీ?"

"లేదు. ఏం కావాలి?"

"ఏం లేదండీ, ఊరికే. వస్తానండీ." ఎంతో మర్యాదగా వెళ్ళిపోయాడు.

లేచి వెళ్ళి నాలుగు తగిలిస్తే సెంటరంతా చూసేది. ఆ సాయంత్రం క్లాసుకు బయల్దేరే ముందు, కంకిపాడులోనే నాగమణి అద్దెకుంటున్న గదికి వెళ్ళి చెప్పాను. ఈసారి వస్తే ఊరుకోనని కూడా చెప్పాను.

"మీరు కొట్టకండీ మాస్టారూ," అంది వెంటనే. "మీరు కొడితే వాడికి మీరంటే భయమేస్తది. నేనంటే కాదు. మీరు నెలకి వెళ్ళిపోతారు. ఆ కుర్చీలో కూర్చునేది నేను కదండీ."

మిగతా నాలుగు వారాలూ చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. వాడు మళ్ళీ రాలేదు. రాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. ఒక మగవాడు కూర్చున్నాడంతే.

సుద్దతో గీసిన బూత్

కట్టు విప్పాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి రెండో అంతస్తులో కాదు. బట్టల కొట్టు యజమానిని అడిగితే ఆదివారాలు కింద, బండ్లు దిగడానికి వాలుదారి ఉన్న సెల్లారు వాడుకోమన్నాడు. ఇన్నాళ్ళూ అడిగితే ఇన్నాళ్ళూ ఇచ్చేవాడే. అడగడం నాకు తోచలేదు.

మొదటి పాఠం పడటం. ఆ రోజు కోటేశ్వరరావు గారు ట్రక్కు ఆటోలో దిగారు. దాంట్లో వరిగడ్డి కూరి కుట్టిన గోనెసంచులు. "అది మానదు. కనీసం మెత్తగా పడనీండి," అన్నారు నా వంక చూడకుండా. సంచులు పరిచి, గోడ పక్కన కూర్చున్నారు. నాగమణి కుర్చీలోంచి మొదటిసారి పడగానే చటుక్కున లేచారు.

"నాన్నా, కూచో."

కూర్చున్నారు. మళ్ళీ పడింది, మళ్ళీ లేవబోయారు. ఆ పూటంతా భుజం మీద కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారాయన. అయినా మరుసటి ఆదివారం కూడా వచ్చారు. మూడో వారానికి "గడ్డం లోపలికి పెట్టమ్మా, గడ్డం" అని ఆయనే చెబుతుంటే నేను నోరు మూసుకోవలసి వచ్చింది. ఒక తండ్రి అంత త్వరగా అంతగా మారడం నేను మళ్ళీ చూడలేదు. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆ గోనెసంచులకు నేను సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

తర్వాత సెల్లారు నేల మీద సుద్దముక్కతో కంకిపాడు బూత్ గీశాను. కుర్చీ ఎక్కడ, బల్ల ఎంత ఎత్తు, గోడ ఎంత దూరం, అన్నీ కొలిచి తెచ్చినవే. ఆ గీతల లోపలే సాధన. వెనక్కి తీసే మోచెయ్యి పోయి పక్కకు తిరిగే మోచెయ్యి వచ్చింది. కర్రను మేకుల మీద నుంచి తీసి, మొన ముందుకు పెట్టి, వెనక గోడకు వీపు ఆనించడం వచ్చింది. ఇప్పటికీ కొత్త శిష్యులు ఎవరొచ్చినా, నేర్పేవాళ్ళను నేను మొదట ఆ శిష్యుల ఇంటికో, పనిచేసే చోటికో వెళ్ళమంటాను. హాల్లో ఎంత బాగా చేసినా, ఆ మనిషి బతికేది హాల్లో కాదు.

అన్నిటికంటే కష్టమైంది కేక. ఆమెకు గొంతు లేచేది కాదు. చిన్నప్పటినుంచీ నలుగురి కళ్ళలో పడకుండా ఉండటం అలవాటైన మనిషి. మా విద్యలో వేసే కేక ఎంత చెప్పినా రాలేదు. చివరికి, "మా మాట వద్దు. వాడితో మీరు ఏమనాలనుకున్నారో అదే అనండి," అన్నాను. రెండు వారాలు ఆలోచించి వచ్చింది. ఒక ఆదివారం నేను చెయ్యి పట్టుకోగానే "వదులు!" అని అరిచింది. సెల్లారు దద్దరిల్లింది. పైన కొట్లో చీరలు చూస్తున్నవాళ్ళు ఏమైందోనని పరుగున మెట్లు దిగి వచ్చారు. వాళ్ళను చూసి నాగమణి సిగ్గుపడి, "ఏం లేదండీ, నేర్చుకుంటున్నానండీ" అంది.

నేను లేని రోజు

వాడు వచ్చిన రోజు నేను అక్కడ లేను. ఎదురుగా మిషను కుట్టే టైలరు గారు చెప్పిందీ, నాగమణి చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

ఎండాకాలం, మధ్యాహ్నం. కర్ర కోసం చూశాడు, బయట కనపడలేదు. బల్ల మీదికి వంగి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె లాగింది. వాడు బల్ల మీద బోర్లా పడ్డాడు, గడ్డం చెక్కకు కొట్టుకుంది. ఆమె చెయ్యి విడిపించుకుని "వదులు!" అని అరిచింది. అప్పటికే చెయ్యి విడిపోయిందిట. అయినా అరిచిందిట. టైలరు గారు, పక్కన టీకొట్టతను, బస్సు కోసం నిలబడిన ఇద్దరు వచ్చేసరికి వాడు గడ్డం పట్టుకుని లేస్తున్నాడు. ఆమె గోడకు వీపు ఆనించి, కర్ర మొన వాడి వైపు పెట్టి కూర్చుంది.

"కొట్టారా?" అని అడిగాను ఆదివారం.

"లేదండీ. కర్ర నా చేతిలో ఉంది కదండీ. వాడు దాన్నే చూశాడు. చూసి, వెళ్ళిపోయాడు."

"భయం వేసిందా?"

"అయిపోయాక వేసిందండీ. గంటసేపు బిల్లు చించడం కూడా రాలేదు." ఆగి, మళ్ళీ అంది: "టైలరు గారు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నారండీ. ఎదురుగానే ఉన్నారు. ఒక్క కేకకి వచ్చేవాళ్ళే అందరూ."

మంచివాళ్ళూ, కానివాళ్ళూ

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఏడాది తిరిగేసరికి ఆదివారం సెల్లారులో పదిమంది అయ్యారు. అందరి గురించీ రాయను. నా తప్పు ఒకటీ, నా ఓటమి ఒకటీ చెబుతాను.

ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే ఒక యువకుడు, పుట్టు చెవుడు. మెరికలాంటి మనిషి. ఒకరోజు పోటీ పెట్టించాను. "ఆగు" అని నేను అరిచాక కూడా ఇతను కొట్టాడు, అవతలివాడి ముక్కు పగిలింది. నేను అందరి ముందూ తిట్టాను. అతని తల్లి లేచి మెల్లగా అడిగింది: "మీరు ఆగమన్నట్టు వాడికెట్టా తెలుస్తదండీ?" ఏడాదిగా నేర్పుతున్నాను, ఆ ముక్క నాకు తట్టలేదు. అతని ముందు నిలబడి చేతులు జోడించాను. ఆ తర్వాత ఆపాలంటే సెల్లారు లైటు ఆర్పి వెలిగించేవాళ్ళం. అందరికీ అదే పద్ధతి పెట్టాం.

ఇంకొకతను, ప్రమాదంలో కాలు పోయిన లారీ డ్రైవరు. ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాడు. అతణ్ణి చూసి నేను గర్వపడ్డాను. ఆర్నెల్ల తర్వాత అతని భార్య మణికట్టు మీద కమిలిన మచ్చలు నాగమణి కళ్ళలో పడ్డాయి. నేను నిలదీస్తే, "మీరు నేర్పిందేగా," అన్నాడు. ఆ రోజే పంపించేశాను. పంపించాను గానీ, ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. ఒంట్లో లోపం ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే అయి ఉంటారని నేను అనుకోవడం కూడా ఒక రకం జాలే. ఎవరికి నేర్పుతున్నామో చూసుకుని నేర్పండి. ఇంట్లోవాళ్ళతో కూడా ఒకసారి మాట్లాడండి.

రాజమండ్రి

రెండువేల సంవత్సరం దాటాక అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బూత్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాగమణిదీ మూతపడింది. మా దగ్గర అసిస్టెంటుగా చేరమన్నాను.

"అసిస్టెంటుగా అయితే రానండీ," అంది. "ఆదివారం క్లాసు నాకిచ్చేస్తే వస్తాను. మీరు ఉండండి. పట్టుకోడానికి మనిషి కావాలి కదండీ."

ఇచ్చేశాను. నేను చేసిన మంచి పనుల్లో అది మొదటిది. పడటం నేర్పడంలో, కేక వేయించడంలో ఆమె ముందు నేను ఎందుకూ పనికిరాను. చెవిటి పిల్లల హాస్టలు వాళ్ళు ఆమెను వచ్చి నేర్పమని అడిగారు. అయితే బ్లాక్ బెల్టు సర్టిఫికెట్ ఉండాలన్నారు. అది ఇవ్వవలసింది నాకు విద్య నేర్పిన పెద్ద మాస్టారు. రాజమండ్రిలో ఉండేవారు. అంతకు కొన్నేళ్ళ ముందే అడిగితే, "కాలెత్తలేని మనిషికి బెల్టేంటయ్యా? జాలికిచ్చే బెల్టు నా చేతుల మీదుగా పోదు" అన్నారు. ఆ మాటకు కోపం వచ్చి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఇప్పుడు మళ్ళీ ఉత్తరం రాశాను. "తీసుకురా, చూస్తాను," అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

ఇద్దరం వెళ్ళాం. డెబ్భై దాటిన మనిషి. నాగమణి కుర్చీలో కూర్చుని చేసిందంతా మాట్లాడకుండా చూశారు. పడమన్నారు, పడింది. లేవమన్నారు, లేచింది. అప్పుడు ఆయనే లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు నాకు తెలుసు. విడిపించుకుంది. వెంటనే మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి దొరికిపోయింది.

"కుడి మోచెయ్యి బయటికి తెరుచుకుంటోందమ్మా," అన్నారు. "విడిపించుకున్నాక చెయ్యి ఒంటికి దగ్గరగా రావాలి. అక్కడ ఆలస్యం చేస్తున్నావు. ఆర్నెల్లు దాని మీద పనిచేసి రా. ఇప్పుడు ఇవ్వను."

నేను నోరు తెరవబోయాను. నాగమణి నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపి, ఆయనకు నమస్కారం పెట్టింది. రిక్షా ఎక్కి స్టేషన్‌కు వచ్చాం. ప్లాట్‌ఫాం మీద బెంచీ దగ్గరికి వచ్చాక చూస్తే ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ఓదార్చబోయాను.

"కాదు మాస్టారూ," అని నవ్వేసింది. "నా జన్మలో ఇప్పటిదాకా నన్ను వద్దన్నవాళ్ళంతా కాలు చూసి వద్దన్నవాళ్ళేనండీ. మోచెయ్యి చూసి వద్దన్నది ఈయనొక్కరే."

పెద్ద మాస్టారి మీద ఇన్నేళ్ళుగా మోస్తున్న కోపం అక్కడితో పోయింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వెళ్ళాం. అదే పట్టు పట్టారు, ఆమె దొరకలేదు. బెల్టు ఇచ్చారు. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇచ్చిన రోజు కాదు, ఇవ్వని రోజే.

"రైలుకి ఇంకా ముప్పావుగంట ఉందండీ," అంది నాగమణి ఆ రోజు ప్లాట్‌ఫాం మీద, కళ్ళు తుడుచుకుని. "మోచెయ్యి సంగతి చూద్దాం. పట్టుకోండి."

బెంచీ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. పట్టుకున్నాను. విడిపించుకుంది. మళ్ళీ పట్టుకున్నాను. నాలుగైదుసార్లు అయ్యాయో లేదో, వెనకనుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని గుంజారు. వేరుశెనక్కాయల బుట్టతో ఒకావిడ.

"ఏమయ్యో! కాలు లేని మనిషి చెయ్యి పట్టుకుని గుంజుతున్నావ్, సిగ్గులేదా? వదులు! వదుల్తావా, పోలీసుల్ని పిలవనా?"

నాగమణి పగలబడి నవ్వింది. "ఫర్లేదమ్మా, ఆయన మా మాస్టారు. నేనే పట్టుకోమన్నాను. ఎట్టా విడిపించుకోవాలో నేర్చుకుంటున్నాను."

ఆవిడ నా కాలరు వదల్లేదు. నా వంకా, నాగమణి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత కాలరు వదిలి, బుట్ట కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, బెంచీ మీద నాగమణి పక్కన కూర్చుంది.

"ఏదీ," అంది, "నాకూ చూపించు."

నాగమణి ఆవిడ చెయ్యి ఎలా పెట్టాలో సరిచేసి, నా వైపు చూసి సైగ చేసింది. నేను పట్టుకున్నాను, గట్టిగానే.